ఐదు మిల్లీమీటర్లు

"నీ హోల్లు కలుస్తలేవు మేస్త్రీ."

ఫోన్లో శ్యాంసుందర్ మొదట అన్న మాట అది. కరీంనగర్ బైపాసు పక్కన, వంతెన గర్డర్లు చేసే యార్డులో రెండు గ్రైండర్లు ఒకేసారి కూస్తున్నాయి. బాలమల్లు ఒక చెవి అరచేత్తో మూసుకుని షెడ్డు బయటికి వచ్చాడు.

"ఏ గర్డర్ సార్?"

"నాలుగోది. మొన్న సాయంత్రం, నిన్న సాయంత్రం పెనుగులాడినం. కింది ప్లేటుకు బోల్టులు పడ్డయి. పై ప్లేటుకు ఒక్కటి పడుతలేదు. ఐదు మిల్లీమీటర్లు తేడా. ఎల్లుండి పది గంటలకు క్రేన్ పోతది. రేపు నువ్వు సైటు మీద ఉండాలె."

"మొదటి మూడు మంచిగనే కలిసినయి గద సార్."

"అందుకే అడుగుతున్న. నాలుగోదానికి ఏం చేసినవ్?"

నాలుగోదానికి ఏం చేశాడో బాలమల్లుకు బాగా గుర్తుంది. రంధ్రాలున్న ఇనుప అచ్చు, టెంప్లేటును గర్డర్ పై రెక్క మీద పెట్టి, క్లాంపులు బిగించి, ఒక్కో రంధ్రంలో పంచు నిలిపి సుత్తితో డ్రిల్లుకు గుర్తుగా చుక్క కొట్టాడు. మూలనున్న ఒక్క రంధ్రానికి క్లాంపు అడ్డం వచ్చింది. టెంప్లేటు తీసేశాక ఆ ఒక్క చుక్కను స్కేలు పెట్టి చేత్తో కొట్టాడు. స్కేలు మీది గీతలు ఆ రోజు అతనికి గీతల్లా కనపడలేదు. బూడిద పూసినట్టు కనపడ్డాయి. బొటనవేలు ఆనించి అందాజుగా కొట్టేశాడు.

ఒక్క చుక్క అందాజుగా కొట్టినవాడు టెంప్లేటును మాత్రం సరిగ్గా పెట్టాడని నమ్మకమేమిటి?

అతని కుడి కంట్లో ఏడాదిగా తెల్లటి పొర కమ్ముతోంది. మోతిబిందు అని, దవాఖానకు పోదామని భార్య కమలవ్వ నెత్తీనోరూ కొట్టుకుంటోంది. అతను ఇవాళ రేపు అంటూ జరుపుతున్నాడు. యార్డులో తెలిస్తే పంచు లాక్కుంటారు. పోయినేడు కళ్లు మందగించిన వెల్డరును గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. లారీ వచ్చినప్పుడు లేచి గేటు తీస్తాడు, పోయాక వేస్తాడు. ఎవరైనా పలకరిస్తే తల వంచుకుంటాడు.

బాలమల్లు రాత్రి సంచి సర్దుకుంటూ పంచునూ, చిన్న సుత్తినీ లుంగీలో చుట్టి అడుగున పెట్టాడు. కమలవ్వ చూసి, "గవెందుకు? గర్డర్లు ఎప్పుడో పాయె గద," అంది. అతను సంచి మూతి బిగించి కట్టాడు.

*

తొలి బస్సుకు పెద్దపల్లి, అక్కణ్నుంచి రైల్లో కాగజ్‌నగర్, స్టేషన్ బయట కంపెనీ బొలేరో. టేకు అడవి మధ్య మట్టిరోడ్డు మీద గంట సేపు ఎగిరెగిరి పడి పదకొండింటికి ఎర్రవాగు వంతెన పని దగ్గర దిగాడు.

వాగుకు రెండు గట్ల మీదా కాంక్రీటు దిమ్మెలు లేచి ఉన్నాయి. మధ్యలో, ఇసుకలో, తాత్కాలికంగా నిలబెట్టిన ఉక్కు స్టాండు. మనిషెత్తు గర్డర్ ఒక్క లారీ మీద రాదు గనక రెండు ముక్కలుగా తెచ్చారు. ఒక్కో ముక్కకు ఒక కొస గట్టు మీద, రెండో కొస స్టాండు మీద ఆనుతుంది. రెండు ముక్కలూ ఎదురెదురుగా వచ్చిన చోట పైనా కిందా పక్కలా ప్లేట్లు వేసి బోల్టులు దించితే ఒకటే గర్డర్ అవుతుంది. అప్పుడు స్టాండు తీసేయొచ్చు. మూడు గర్డర్లు అట్లాగే గట్టు నుంచి గట్టుకు పరుచుకుని ఉన్నాయి. నాలుగోది ఇంకా రెండు ముక్కలుగానే ఉంది. దొర్లకుండా ఒక ముక్కను క్రేన్ పట్టుకుని ఉంది.

టార్పాలిన్ నీడలో శ్యాంసుందర్ ఫోన్ మాట్లాడుతున్నాడు. ప్రాజెక్టు మేనేజరు. నెల రోజుల ఎండకు మెడ నల్లబడి, కాలర్ దగ్గర తెల్లగా గీత పడింది. పక్కన హెల్మెట్ కింద స్కార్ఫు కట్టుకున్న అమ్మాయి నిలబడి ఉంది. సైటు ఇంజనీరు ఉమారాణి. మందమర్రి పిల్ల, బొగ్గుబాయి కార్మికుని బిడ్డ. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు.

"సూడు మేస్త్రీ," అన్నాడు శ్యాంసుందర్ ఫోన్ జేబులో వేసుకుంటూ. "రెండే రెండు. హోల్లు తప్పన్న కావాలె, గర్డర్ ఆనే గట్టు మీది పీటల లెవెల్ తప్పన్న కావాలె. హోల్లు నీయి. లెవెల్ ఈ మేడంది."

"లెవెల్ మూడుసార్లు చూసిన సార్," అంది ఉమారాణి. గొంతులో నిద్రలేమి తెలుస్తోంది. "నడుమ జాకీతోని లేపితే పైన హోల్లు కలుస్తయి. కని గీ గర్డర్ పక్క మూడిటి కంటె ఇంచు మీద ఎత్తుకు పోతది. రోడ్డు స్లాబు ఎట్ల పోస్తం?"

"మరి హోల్లే తప్పంటవా?"

ఆమె బాలమల్లు వైపు చూసి, "నేను గట్ల అంటలేను సార్," అంది.

బాలమల్లు నిచ్చెన ఎక్కాడు. గర్డర్‌ను అతికే చోట చెక్కలతో కట్టిన చిన్న మంచె ఉంది. బరువులు ఎత్తే రిగ్గింగు పని చూసే మొండయ్య దాని మీద చైన్ బ్లాకు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "ఏమన్నా, బిర్యానీ తెచ్చినవా కరీంనగర్ నుంచి?" అన్నాడు. బాలమల్లు నవ్వబోయాడుగానీ మొహం కదలలేదు.

పై ప్లేటు రంధ్రాల్లోంచి కిందికి చూశాడు. ప్లేటు రంధ్రం గుండ్రంగా ఉంది. దాని కింద గర్డర్ రెక్క రంధ్రం పక్కకు జరిగి ఉంది. రెండూ కలిసిన చోట వెలుతురు నెలవంకలా సన్నగా పడుతోంది. ఇరవై నాలుగు రంధ్రాలు, ఇరవై నాలుగు నెలవంకలు. అన్నీ ఒకే దిక్కుకు వంగి ఉన్నాయి. ఆ మాత్రం అతని కంటికి ఆనింది.

రెక్క అంచున పెయింటు కింద అతను కొట్టుకున్న గుర్తు చుక్క ఉంటుంది. అది ఎక్కడుందో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. గోటితో పెయింటు గీరాడు. చుక్క వేలికి తగిలింది. అక్కణ్నుంచి మొదటి వరస రంధ్రాలకు ఐదు వందల మిల్లీమీటర్లు ఉండాలి. ఉంటే అతను గెలిచినట్టు. రెక్క అడుగునుంచి టేపు సాగదీసి, బొటనవేలు రంధ్రం మధ్యకు ఆనించి, మొహం దగ్గరికి తెచ్చాడు.

అంకెలు పాలలో మునిగినట్టున్నాయి. ఎడమ కన్ను మూశాడు, తెరిచాడు. చెమట కళ్లలోకి కారింది. నాలుగు వందల తొంభై ఐదో, ఐదు వందలో, ఐదు వందల ఐదో. కింద పదిమంది తలలెత్తి చూస్తున్నారు. మొండయ్యను చదవమంటే ఎందుకని అడుగుతాడు.

"ఎంతుంది మేస్త్రీ?" శ్యాంసుందర్ కేక.

బాలమల్లు టేపు వదిలేశాడు. అది సర్రున లోపలికి పోయింది.

"నా హోల్లు సరిగ్గనే ఉన్నయి సార్."

కింద అందరి చూపులూ ఒక్కసారే ఉమారాణి మీదికి తిరిగాయి. ఆమె హెల్మెట్ సర్దుకుని, చేతిలోని లెవెల్ పుస్తకం తెరిచి, మొదటి పేజీ నుంచి మళ్లీ చూడ్డం మొదలుపెట్టింది.

అతను దిగేసరికి శ్యాంసుందర్ టేబుల్ మీద ఒక కాగితం పెట్టాడు. టైపు చేసి తెచ్చిందే. 'నా పొరపాటు వల్ల' అని మొదలవుతుంది. పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలారు.

"సాయంత్రం గ్యాస్ పెట్టి హోల్లు పెద్దగ చేద్దం. బోల్టులు దించుదం. పెద్దసార్లు ఎందుకు కోసినవంటే చూపియ్యనీకి నాకు కాయితం కావాలె. మేస్త్రీ తనదాంట్ల తప్పు లేదంటుండు. మరి ఎవరు సంతకం పెట్టాలె ఉమారాణీ, నువ్వే చెప్పు."

"గ్యాస్ వద్దు సార్," అన్నాడు బాలమల్లు. ఈ మాట మాత్రం తడబడకుండా వచ్చింది. "గ్యాస్ తగిలిన అంచు పెళుసుబారుతది. షార్జాల నేను కండ్లార చూసిన. గక్కడికెళ్లే పర్రె వడి ఇనుము పగులుతది. ఇసుక లారీలు పోయే తొవ్వ ఇది."

"అయితే కలిపి చూపియ్. గా మబ్బు చూసినవా?" శ్యాంసుందర్ మహారాష్ట్ర వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఆకాశం అడుగున సీసం రంగు పట్టీ ఒకటి లేచింది. "పైన వాన కొడితే వాగొస్తది. వాగొస్తే గీ స్టాండు ఉంటదా? స్టాండు పోతే రెండు ముక్కలు వాగులనే. అప్పుడు నువ్వూ నేనూ ఆ మేడం ముగ్గురం ఇంటికే."

*

మూడున్నరకు కూలీలు వచ్చారు. పన్నెండు మంది ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు. చైన్లు గుంజడానికీ, తాళ్లు పట్టడానికీ వాగు పక్క ఊరివాళ్లే. ముందు నడుస్తున్నది గంగుబాయి. కచ్చ పోసి కట్టిన చీర, చెవులకు బరువైన గంటీలు. వస్తూనే బాలమల్లును ఎగాదిగా చూసింది.

"నువ్వేనా దాదా, బొక్కలు వంకర కొట్టింది? కరీంనగరోళ్లకు కండ్లు కనవడయా ఏంది?"

వెనకున్న ఆడవాళ్లు గొల్లుమన్నారు. బాలమల్లు, ఊరికే అన్నదని తెలిసీ, చేత్తో కుడికన్ను తుడుచుకున్నాడు.

మొండయ్య చైన్ బిగించాడు. ఆడవాళ్లు తాడు పట్టారు. ముక్క వేలెడు జరిగింది, మళ్లీ వెనక్కి వచ్చింది. మొండయ్య డ్రిఫ్టు తీసుకున్నాడు. కొస సన్నగా, మొదలు లావుగా ఉండే ఉక్కు చీల అది. దాన్ని రంధ్రంలో పెట్టి సుత్తితో కొట్టాడు. చీల ఎగిరి వాగులో పడింది. గంగుబాయి పిడికిలితో నడుము కొట్టుకుని బండ మీద కూలబడింది.

"గింత ఎండల ఇనుము ముట్టుకుంటె చేతులు కాలవట్టె. పొద్దుగాల పెట్టుకోరాదుండ్రి."

"మీరే రారు గద పొద్దుగాల," అన్నాడు మొండయ్య.

"ఎట్లొస్తం? తునికాకు గద." ఆమె చేతులు చాపి చూపించింది. ఆకు పసరుకు వేళ్లు గోళ్లదాకా నల్లబడి ఉన్నాయి. "తెల్లారకముందే, నసుకుల, అడివికి పోతం. తెంపి, ఇంటికొచ్చి కట్టలు కట్టి, కల్లంల అప్పజెప్పి వచ్చెటాల్లకు గీ యాళ్లయితది. ఆకు పది పన్నెండు రోజులే ఉంటది. ముదిరితే బీడీలకు పనికిరాదు."

బాలమల్లు నీళ్ల సీసా నోటి దాకా తెచ్చి ఆపాడు.

"మొదటి మూడు గర్డర్లు పెట్టినప్పుడు?"

"అప్పుడు ఆకెక్కడిది దాదా? తెల్లారకముందే వచ్చెటోళ్లం. సలికి చెద్దరు కప్పుకొని తాళ్లు గుంజినం. ఈ మొండిగాడు చాయ పోపిస్తనని ఒక్కనాడు పోపియ్యలె."

"నీకు పదిసార్లు పోపిచ్చిన!" మొండయ్య పైనుంచి అరిచాడు.

బాలమల్లు ఆ మాటలు వినడం లేదు. సీసా కింద పెట్టి నిచ్చెన ఎక్కాడు. గర్డర్ పై రెక్క మీద అరచెయ్యి ఆనించాడు. చురుక్కుమంది, ఒక్క అంకె లెక్కపెట్టేలోపు తీసేశాడు. మంచె మీద బోర్లా పడుకుని చెయ్యి కిందికి చాపి, నీడలో ఉన్న కింది రెక్కను పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. పది దాకా లెక్కపెట్టాడు. చెయ్యి అక్కడే ఉంది.

తర్వాత రెండు ముక్కల మధ్య సందులో వేలు పెట్టాడు. కింద వేలు పట్టింది. పైన పట్టలేదు. పై రెక్కలు రెండూ ఒకదానివైపు ఒకటి జరిగి వచ్చాయి.

"మేడం," అని పిలిచాడు. ఆమెకు వినపడలేదు. "ఓ బిడ్డా! ఇటు రా. గా వేడి చూసే మిషన్ పట్టుకరా."

పెయింటు వేసేముందు ఇనుము వేడి చూసుకునే చేతి మిషన్ ఒకటి సైటులో ఉంటుంది. ఉమారాణి దాన్ని పై రెక్క మీద పెట్టింది. అరవై ఒకటి. కింది రెక్క మీద పెట్టింది. ముప్ఫై ఎనిమిది. ఆమె మిషన్ వైపు, రెక్క వైపు మార్చి మార్చి చూసింది. జేబులోంచి ఒక కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుంది. పేరు ఖాళీ వదిలిన ఆ కాగితమే. దాన్ని వెనక్కి తిప్పి లెక్క వేసింది. ఇరవై మూడు డిగ్రీల తేడా. పద్దెనిమిది మీటర్ల ముక్క. పైభాగం సాగుతుంది, కిందిభాగం సాగదు, ముక్క విల్లులా పైకి ఉబ్బుతుంది, పై కొసలు సందు వైపు వాలుతాయి.

పెన్ను ఆగింది.

"కాకా," అంది మెల్లగా. "ఐదు మిల్లీమీటర్లు."

శ్యాంసుందర్ ఆ లెక్కను రెండుసార్లు చూశాడు. అతనూ ఇంజనీరే. కాదనలేదు, అట్లని నమ్మినట్టూ లేడు.

"రేపు నసుకుల సల్లగైతది, కలుస్తదంటరు. బాగనే ఉన్నది. నసుకుల ఎవరు గుంజుతరు? నువ్వు, నేను, మేస్త్రీనా?"

ముగ్గురూ గంగుబాయి వైపు తిరిగారు. ఆమె కొంగు బిగించుకుంది.

"ఒక్క పూట ఆకు పోతది."

"పోతది," అంది ఉమారాణి. "అబద్ధమెందుకు, పోతది."

గంగుబాయి తన వాళ్లతో మరాఠీ కలిసిన మాటల్లో ఏదో గుసగుసలాడింది. ఒకామె తల అడ్డంగా ఊపింది. ఇంకొకామె ఆమెను మోచేత్తో పొడిచింది. కాసేపటికి గంగుబాయి ఇటు తిరిగింది.

"వానకాలం కంట్రోల్ బియ్యం లారీ గా ఒడ్డుకొచ్చి ఆగుతది. మేం గీ ఒడ్డున కూసొని బియ్యం దిక్కు చూసుకుంట ఉంటం, సినిమా చూసినట్టు. ఐదింటికి వస్తం. పొద్దు టేకు చెట్ల మీదికి రాకముందే ఇడిచిపెట్టాలె. లేకుంటే తాళ్లు గక్కన్నే పారేసి అడివికి పోతం. గర్డర్ వాగుల పడ్డా మాకు ఎరుక లేదు."

"ఆరున్నర," అన్నాడు శ్యాంసుందర్. "ఆరున్నరకు బోల్టు దిగకపోతే గ్యాస్ ముట్టిస్త. ఎండ కాదని తేలినట్టే గద. మేస్త్రీ హోల్లు కరెక్టే అన్నడు. మరి మిగిలింది లెవెలే. గా కాయితం జాగ్రత్త ఉమారాణీ, నీకే కావాలె."

అందరూ వెళ్లాక ఆమె బాలమల్లు పక్కన బండ మీద కూర్చుంది. చిన్న నోటు పుస్తకం తీసింది.

"పొద్దున టేపుల ఎంతొచ్చింది కాకా? రాసుకుంట. రేపు సార్ అడిగితే నా దగ్గర నంబరు ఉండాలె."

అడవి మీంచి తడి గాలి వచ్చింది. చాలా దూరాన ఎక్కడో ఉరిమింది. ఇప్పుడు చెప్పొచ్చు, అనుకున్నాడు బాలమల్లు. ఈ పిల్ల ఒక్కతే ఉంది. చదవలేదు బిడ్డా, కనపడలేదు అంటే సరిపోతుంది. గేటు పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ కళ్లముందు మెదిలింది.

"ఐదు వందలు," అన్నాడు. "సరిగ్గ."

ఆమె రాసుకుంది.

*

అతను నాలుగింటికే గర్డర్ మీదికి ఎక్కాడు. ఆకాశంలో చుక్కలు లేవు. మబ్బు ఇక్కడిదాకా వచ్చేసింది. మబ్బు కమ్మితే ఇనుము తొందరగా చల్లారదు. భయపడుతూ పై రెక్క మీద చెయ్యి పెట్టాడు. గోరువెచ్చగా ఉంది. కింది రెక్క మీద పెట్టాడు. తేడా తెలియలేదు. మళ్లీ పైన, మళ్లీ కింద. ఏదో ఒకటి వెచ్చగా ఉందనిపిస్తుంది, అంతలోనే కాదనిపిస్తుంది.

కింద ఇసుకలో కొత్త చప్పుడు వినిపించింది. బుర్రున పారే చప్పుడు కాదు, నాకుతున్నట్టు సన్నటి చప్పుడు. మొండయ్య టార్చి వేశాడు. నిన్నటిదాకా పక్కనుంచి పోయిన నీటిపాయ స్టాండు కాళ్ల మధ్యకు వచ్చింది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పైన కొట్టింది వాన," అన్నాడు మొండయ్య. ఇంకేమీ హాస్యమాడలేదు.

ఐదుకు గంగుబాయి మనుషులు వచ్చారు. చెప్పులు గట్టు మీద విడిచి, చీలమండల లోతు నీళ్లలో నిలబడి తాళ్లు పట్టుకున్నారు. శ్యాంసుందర్ క్రేన్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని వెనక గ్యాస్ సిలిండరు, గొట్టం చుట్టలు విప్పి సిద్ధంగా ఉన్నాయి.

ఉమారాణి మిషన్ పెట్టింది. "పైన ముప్ఫై ఒకటి. కింద ముప్ఫై. ఇంకొంచెం ఆగుదాం."

"నీళ్లు ఆగుతయా?" అన్నాడు శ్యాంసుందర్.

ఐదుంబావు. మోకాలికి జానెడు కింద నీళ్లు. ఒకామె చీర ఎగదోపుకుంది.

"ముప్ఫై, ముప్ఫై," అంది ఉమారాణి. "గుంజుండ్రి!"

తాళ్లు బిగిశాయి. మొండయ్య చైన్ ఒక్కో లంకె లాగుతుంటే కిర్రు కిర్రుమంటోంది. ముక్క కదిలింది. బాలమల్లు ప్లేటు మీద మొహం ఆనించి, కన్ను నమ్మక, చూపుడువేలు రంధ్రంలో దూర్చాడు. ప్లేటు అంచు తగిలింది, దాని కింద రెక్క అంచు. మెట్టులా ఉంది. మెట్టు చిన్నదవుతోంది. చిన్నదవుతోంది. వేలికింద అది నున్నగా అయిపోయింది.

"పట్టు! గక్కన్నే పట్టు! డ్రిఫ్టు!"

మొండయ్య చీల పెట్టాడు. సుత్తి ఎత్తేలోపే అది తన బరువుకే సగం దాకా దిగిపోయింది. రెండో చీల ఇంకో మూలన దిగింది. మొదటి బోల్టు వేళ్లతో తోస్తే వెళ్లిపోయింది. రెండోది, ఐదోది, పదోది. కింద ఆడవాళ్లు తాళ్లు వదలకుండానే కేకలు పెట్టారు. గంగుబాయి నాలుక ఆడించి ఉలులూ అని పిట్టలా కూసింది. ఉమారాణి హెల్మెట్ తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసింది. నవ్వుతోందో ఏడుస్తోందో బాలమల్లుకు ఆ దూరం నుంచి తెలియలేదు.

శ్యాంసుందర్ గ్యాస్ మనిషికి చెయ్యి ఊపాడు, చుట్టేయమని. "శెభాష్ మేస్త్రీ! ఎండరా బాబూ, ఎండ! రెండు రోజులు నా నిద్ర చెడగొట్టింది ఎండ!"

మొండయ్య, అతని మనిషి స్పానర్లతో నట్లు బిగిస్తూ అటు పోయారు. బాలమల్లు ఇటు మూలకు వచ్చాడు. అతని చేతిలో ఒక్క బోల్టు మిగిలింది. ఇరవై నాలుగోది.

అది దిగలేదు.

వేలు పెట్టి చూశాడు. మెట్టు ఉంది. మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. పక్క రంధ్రాలన్నీ నున్నగా ఉన్నాయి, ఇదొక్కటే. క్లాంపు అడ్డం వచ్చిన మూల.

అతను తలెత్తాడు. ఎవరూ ఇటు చూడ్డం లేదు. ఇరవై మూడు బోల్టులు పడ్డాయి, గర్డర్ నిలబడుతుంది. ఈ బోల్టు తల దగ్గర కోసేసి, రంధ్రం మీద కూర్చోబెట్టి, గ్రీజు రాస్తే చాలు. పెయింటు పడ్డాక దేవుడికి కూడా తెలియదు. యార్డులో ఒకడు అట్లా చేస్తే బాలమల్లే వాడి చెంప వాయించాడు. అది పదేళ్ల కిందటి మాట. అప్పుడు కళ్లు బాగుండేవి.

"అయిపోయిందా మేస్త్రీ? దిగు, చాయ తాగుదం!"

బాలమల్లు బోల్టును పిడికిట్లో బిగించాడు. కింద ఉమారాణి జేబులోంచి ఆ నోటు పుస్తకం అంచు కనిపిస్తోంది.

"ఒక్కటి మిగిలింది సార్," అన్నాడు. "ఇది ఎండ తప్పు కాదు."

శ్యాంసుందర్ నవ్వు ఆగలేదు. "ఒక్క హోలే గద. జర గ్యాస్ చూపిస్తే పోతది."

"కాదు సార్. ఇది నేను చేత్తో కొట్టిన హోలు. నిన్న నా హోల్లు సరిగ్గున్నయని అందరి ముంగట అన్న. టేపు సదివి అనలె." గాలి పీల్చుకున్నాడు. "కుడి కంట్ల మోతిబిందు. అంకెలు కనవడతలేవు. ఏడాదాయె."

తాడు చుట్టుకుంటున్న గంగుబాయి చేతులు ఆగాయి.

"నేను ఊకెనే అన్న దాదా," అంది. "నాకేమెరుక?"

శ్యాంసుందర్ మొహం మీది నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. "నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుండె మేస్త్రీ?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో, చిరాకు ఉంది. "చెప్పినంక నేను రాయకుండ ఉండలేను. రాస్తే మల్ల పంచు ముట్టనియ్యరు నిన్ను."

"ఎరుకే. రాయుండ్రి. ఒక్క హోలని రాయుండ్రి. ఇరవై నాలుగని రాయకుండ్రి."

ఉమారాణి నిచ్చెన ఎక్కి వచ్చింది. మంచె మీద అతని ఎదురుగా కూర్చుని నోటు పుస్తకం తెరిచింది. నిన్నటి పేజీ. ఐదు వందలు అని ఉన్నచోట వేలు పెట్టింది.

"నేను అడిగిన కాకా. ఒక్కదాన్నే ఉన్నప్పుడు అడిగిన."

"అవును బిడ్డా."

"రాత్రంత నా లెవెల్ పుస్తకం ముందటేసుకొని కూసున్న. ఎక్కడ తప్పు చేసిన్నో అనుకుంట."

బాలమల్లు చేతిలో బోల్టు చెమటకు జారుతోంది. ఆమె అతని మొహం వంక చూడలేదు. టేపు తీసి, దాని కొస అతని వైపు చాపింది.

"పట్టుకో. నీ చుక్క ఎక్కడున్నదో నాకు తెల్వదు."

అతను రెక్క అంచు తడిమాడు. చుక్క వేలికి తగిలింది. టేపు సున్నాను దాని మీద పెట్టి బొటనవేలితో అదిమాడు. ఆమె వంగి, టేపును రెక్క అడుగుకు ఆనించి సాగదీసింది.

"పక్క హోలు ఐదు వందలు," అంది. పుస్తకంలో నిన్నటి అంకెను కొట్టేసి, కింద మళ్లీ అదే అంకె రాసింది. టేపు కొంచెం జరిపింది. "మూలది ఐదు వందల మూడు. రీమర్ పెట్టి గుండ్రంగ సాపు చేద్దం. డిజైనోళ్లను అడిగి ఒక సైజు పెద్ద బోల్టేద్దం. గ్యాస్ వద్దు."

"వద్దు," అన్నాడు బాలమల్లు.

టేకు చెట్ల వెనక మబ్బు అంచు ఎర్రబడింది. ఆడవాళ్లు గట్టు మీద చెప్పులు వెతుక్కుని, ఆకు మూటకట్టే గుడ్డలు భుజాన వేసుకుని, వరసగా అడవి దారి పట్టారు. స్టాండు కాళ్ల చుట్టూ ఎర్రనీళ్లు సుడి తిరుగుతున్నాయి.

"ఇంకోపారి చూస్త," అంది ఉమారాణి. "కదలకుండ పట్టు."

బాలమల్లు బొటనవేలు సున్నా మీద ఇంకా గట్టిగా నొక్కి, ఆమె అంకె చెప్పేదాకా ఆగాడు.